నెమలి రెక్కలు కత్తిరియ్యాల్నా అని అడిగేవాళ్ళకు ఏం చెప్పమంటారు?

అటవీ అధికారులకు, పశువైద్యులకు, ఇంట్లో నెమలిని సాదుతున్న మా వరంగల్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు బహిరంగ లేఖ

నమస్కారం.

నాకు నర్సంపేట రోడ్డు మీద కోళ్ళ దాణా, మందుల షాపు ఉంది. కొక్కెర తెగులుకు లసోటా చుక్కలు, నట్టల మందు, మక్క నూక, పిల్లల దాణా అమ్ముతాను. పదహారేళ్ళుగా ఇదే పని. నేను డాక్టర్‌ను కాదు, వకీలునూ కాదు. కానీ ఏటా వానలు వెనక్కి పట్టగానే ఒక ప్రశ్న నా గల్లా పెట్టె ముందుకు వచ్చి నిలబడుతుంది. అడిగేవాళ్ళు ముందు అటూ ఇటూ చూస్తారు, షాపులో ఇంకెవరూ లేరని తేల్చుకుంటారు, తర్వాత గొంతు తగ్గించి అడుగుతారు: "అన్నా, నెమలి పిల్ల ఎగురుతున్నది. రెక్కలు కత్తిరియ్యాల్నా, వద్దా?"

ఈ ప్రశ్నకు మీ దగ్గర నుంచి రాతపూర్వకంగా జవాబు కావాలని మూడుసార్లు అర్జీ పెట్టాను. ఒకటి స్వయంగా వెళ్ళి ఇచ్చాను, ఒకటి సోమవారం అర్జీలు తీసుకునే రోజు లైన్లో నిలబడి ఇచ్చాను, మూడోది రిజిస్టర్ పోస్టులో పంపాను. ఏడు నెలలైంది. దొరికిన జవాబల్లా ఒక ఆఫీసు వరండాలో ఒకాయన నోటితో చెప్పిందే: "నీకెందుకయ్యా ఈ గొడవ, దాణా అమ్ముకో." అందుకే ఇప్పుడు నలుగురిలో రాస్తున్నాను.

ముందు ఈ నెమళ్ళు ఇళ్ళలోకి ఎట్లా వస్తున్నాయో చెప్పాలి. పెద్ద పెద్ద ఫామ్‌హౌసుల సంగతి నాకు తెలియదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎవరూ నెమలిని కొన్నవాళ్ళు కాదు, వల వేసి పట్టినవాళ్ళూ కాదు. ఆడ నెమలి నేల మీద చిన్న గుంతలో గుడ్లు పెడుతుంది. పత్తి చేన్లో కలుపు తీసే కూలోళ్ళకో, ఒడ్డు మీద గడ్డి కోసేవాళ్ళకో అవి కనబడతాయి. మనిషి అలికిడికి తల్లి లేచిపోతుంది. "ట్రాక్టర్ కింద పడి పలిగిపోతయి గదా" అని కొంగులో వేసుకుని ఇంటికి తెస్తారు. ఇంట్లో పొదుగుకు వచ్చిన నాటుకోడి ఉంటే దాని కింద పెడతారు.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. కోడిగుడ్డుకు 21 రోజులు చాలు, నెమలి గుడ్డుకు 28 రోజులు పడుతుంది. రెండూ ఒకేసారి పెడితే కోడి తన పిల్లలతో లేచిపోతుంది, నెమలి గుడ్లు చల్లబడి చచ్చిపోతాయి. తెలిసిన ముసలమ్మలు నెమలి గుడ్లు వారం ముందు పెట్టి, ఆ తర్వాత కోడిగుడ్లు పెడతారు. ఆ లెక్క చూసి నేను చాలాసార్లు ముచ్చటపడ్డాను. చట్టం ప్రకారం అది తప్పని వాళ్ళకు తెలియదు. చాలా ఏళ్ళు నాకూ తెలియదు.

పిల్ల బయటికి వచ్చిన రెండు వారాలకే ఎగరడం మొదలుపెడుతుంది. కోడి పిల్లలు గంప కింద ఉంటే ఇది గంప మీద ఉంటుంది. దసరా నాటికి గోడ మీద, తర్వాత స్లాబు మీద, ఆ తర్వాత పక్కింటి మిర్చి నారు మీద. అప్పుడు కత్తెర గుర్తుకొస్తుంది.

ఒప్పుకుంటున్నాను. మొదట్లో నేను కూడా "కత్తిరించు, ఏం కాదు" అనే చెప్పాను. పందెం కోళ్ళకూ, గోడ దూకే నాటుకోళ్ళకూ చేసేదే కదా అనుకున్నాను. ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ఇప్పుడు అది గుర్తొస్తే బాగుండదు.

పోయిన భాద్రపదంలో, వినాయక నిమజ్జనం అయిన మూడో రోజు, ఒక తండ్రీ కొడుకులు యూరియా సంచిలో ఆడ నెమలిని తెచ్చారు. కత్తెరతో రెండు ఈకలు కోయగానే రక్తం చిమ్మిందట. సంచి అడుగు తడిసిపోయింది. కోడి గోరు తెగితే చేసినట్టే పసుపు, పిండి అద్ది, దూది పెట్టి అరగంట గట్టిగా అదిమి పట్టుకున్నాను. రక్తం కారడం తగ్గింది గానీ ఆగలేదు. పశువుల ఆసుపత్రికి తోలాను. అక్కడ డాక్టర్ గారు, "ఇది షెడ్యూల్ వన్ పక్షి, చట్టంలో పులితో సమానం, ఫారెస్టోళ్ళ కాగితం లేకుండా నేను ముట్టుకుంటే నా ఉద్యోగానికి వస్తది" అన్నారు. ఆయనను నేను తప్పుపట్టను. అటవీ ఆఫీసుకు ఫోన్ చేస్తే, "ముందు డాక్టర్‌కు చూపించి పట్టుకురండి. ఇంతకూ ఎవరింట్ల ఉండె? పేరు చెప్పు" అన్నారు. పేరు అనే మాట వినగానే ఆ తండ్రి సంచి మూతి మడిచి, కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

పది రోజులకు ఆ పిల్లవాడు ఒక్కడే కోళ్ళ దాణాకు వచ్చాడు. రాత్రి కుక్కలు పడ్డాయట. నెమలి గోడ ఎక్కబోయి జారి పడిందట. "ఎగరాలని చూసింది సార్, ఒక్క దిక్కే లేచింది" అన్నాడు. పిల్లవాడి మాట అంతే.

ఆ రోజు నుంచి నేను తెలుసుకున్నవి, చూసినవి కింద రాస్తున్నాను. తప్పు ఉంటే దిద్దండి.

1. నెమలికి ఉన్న రక్షణ ఎత్తు ఒక్కటే. అది ఎక్కువ దూరం ఎగిరే పక్షి కాదు, కానీ ప్రమాదం వస్తే నిట్టనిలువుగా లేవగలదు. పొద్దుగూకగానే పెద్ద చెట్టు కొమ్మ చూసుకుంటుంది. నాటుకోడిని సాయంత్రం గూట్లోకి తోలితే పోతుంది, నెమలిని ఎంత తోలినా గూడు వైపు రాదు, పైకే చూస్తుంది. రెక్క చివర ఉండే పది పెద్ద ఈకలు దానిని పైకి లేపేవి. మగదాని రెక్క విప్పి చూస్తే అవి ఇటుక రంగులో ఉంటాయి. మనవాళ్ళు సాధారణంగా కత్తిరించేది వాటినే, అదీ ఒక వైపు. అప్పుడు పక్షి లేవబోతే పక్కకు ఒరుగుతుంది. ముదిరిన మగ నెమలి నాలుగు నుంచి ఆరు కిలోలు ఉంటుంది. కాళ్ళ బలంతో ఎట్లాగో గోడ మీదికి దూకుతుంది, దిగేటప్పుడు రెక్క ఆపదు. రొమ్ము ఎముక నేలకు కొట్టుకుంటుంది, కాలు విరుగుతుంది. ఇంత చేసినా పక్కింటి మిర్చి నారుకు కాపలా దొరకదు. నెమలి నడిచి కూడా పోతుంది కదా!

2. "మళ్ళీ వస్తయిలే" అంటారు. వస్తాయి, కానీ తల వెంట్రుకల్లా రావు. కోసిన ఈక మోడు అట్లాగే ఉండి, ఏడాదికి ఒకసారి ఈకలు రాలే కాలంలో ఊడి, దాని స్థానంలో కొత్తది మొలుస్తుంది. ఆ కాలం వానలు తగ్గుతున్నప్పుడు, మగ నెమలి పింఛం రాల్చేటప్పుడు. అంటే దసరాకు కోస్తే మళ్ళీ వచ్చే ఏడు వానల దాకా ఆ పక్షి నేల మీదే ఉండాలి. మధ్యలో మీరు వచ్చి తీసుకెళ్ళినా అడవిలో వదలలేరు, అన్నాళ్ళూ మేపాలి. ఇక మొలిచే దశలో ఉన్న ఈక కాడలో రక్తం పారుతూ ఉంటుంది. దాన్ని కోస్తే ఏమవుతుందో పైన రాశాను. కొందరు ఇంకో అడుగు ముందుకేసి "కీలు దగ్గరే తీసేస్తే పీడ పోతది గదా" అని అడుగుతారు. అది మనిషికి మణికట్టు దగ్గర చెయ్యి నరకడం లాంటిది. అట్లా అడిగినవాళ్ళకు నా షాపులో నట్టల మందు కూడా అమ్మను.

3. చట్టం. నెమలి 1963లో జాతీయ పక్షి అయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులి ఉన్న చోటే. వేటకు శిక్ష మూడు నుంచి ఏడేళ్ళ జైలు, 2022 సవరణ తర్వాత జరిమానా తక్కువలో తక్కువ 25,000 రూపాయలు. వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, గాయపరచడం, శరీరంలో ఏదైనా భాగం తీసుకోవడం, గుడ్లను, గూడును పాడుచేయడం, కదిలించడం కూడా అందులోకే వస్తాయి. ఇంట్లో పొదిగించిన పిల్ల అయినా అది ప్రభుత్వ ఆస్తే. అటువంటి ప్రాణి చేతికి వస్తే 48 గంటల్లో పోలీసులకో, అధికారులకో చెప్పాలి. నెమలి తోక ఈకల అమ్మకానికి చట్టంలో మినహాయింపు ఉంది, అందుకే జాతరల్లో విసనకర్రలు అమ్ముతారు. ఆ మినహాయింపు రెక్క ఈకకు లేదు. దీంట్లో ఎంత మా ఊళ్ళలో తెలుసు? ఒక్కటే తెలుసు: కోసుకు తింటే జైలు. అది కూడా 2024 ఆగస్టులో సిరిసిల్ల జిల్లా తంగళ్ళపల్లిలో నెమలి కూర వీడియో పెట్టిన మనిషి మీద కేసు అయ్యాకే గట్టిగా తెలిసింది. ప్రేమగా నూకలు వేసి సాదినా నేరమే అనే సంగతి ఆ వార్తల్లో ఎవరూ చెప్పలేదు. నా అనుభవంలో ఆ కేసు తర్వాత నెమళ్ళను సాదేవాళ్ళు తగ్గలేదు, దాచేవాళ్ళు పెరిగారు. దాచాలంటే ఎగరకూడదు. ఎగరకూడదంటే కత్తెర కావాలి.

4. ఫోన్లో వెతికితే రెక్కలు కత్తిరించే వీడియోలు బోలెడు. అమెరికా వాళ్ళవి, ఇంగ్లండు వాళ్ళవి. అక్కడ నెమలి అడవి పక్షి కాదు, మనకు సీమకోడి ఎట్లాగో వాళ్ళకు నెమలి అట్లా. కొని పెంచుకోవచ్చు, కత్తిరించడం మంచిదా చెడ్డదా అని వాళ్ళలో వాళ్ళు వాదించుకోవచ్చు. అక్కడ కూడా జాగ్రత్త ఎరిగినవాళ్ళు ఎత్తయిన జాలీ షెడ్డు, పైన వల, లోపల పడుకోవడానికి ఎత్తున దుంగ ఏర్పాటు చేశాకే మాట్లాడతారు. మన వాడకట్టులో రాత్రి పది దాటితే తిరిగే కుక్కల గుంపు ఆ వీడియోలో ఉండదు.

5. ఫోటో బెదిరింపులు. ఇది మీ దాకా వచ్చిందో లేదో. నెమలి ఉన్న ఇంటికి ఇద్దరు పోరగాళ్ళు బండి మీద వస్తారు, ఫోటో తీస్తారు, "ఫారెస్టోళ్ళకు పంపాల్నా, ఐదు వేలు ఇస్తవా" అంటారు. నాకు తెలిసి ఒక కూలి చేసుకునే ఆమె రెండు వారాల కైకిలి పైసలు అట్లా పోగొట్టుకుంది. ఆమె ఎవరికి చెప్పుకోవాలి? ఫిర్యాదు చేస్తే ముందు తన మీదే కేసు.

6. మగపిల్ల మూడేళ్ళకు పూర్తి పింఛంతో పోతవుతుంది. అప్పుడు ఇది వేరే ప్రాణి. కాలికి ముల్లు ఉంటుంది, మనిషి భయం ఉండదు. బండి అద్దంలో తన నీడనే ఇంకో పోతు అనుకుని పొడుస్తుంది. చిన్నపిల్లల మీదికి దూకుతుంది. తెల్లవారుజామున మూడింటికి అరుపు మొదలుపెడితే వాడంతా లేస్తుంది. అప్పటిదాకా "మా బంగారం" అన్నవాళ్ళే రాత్రిపూట ఆటోలో వేసుకుని పాకాల రోడ్డు పట్టుకుని అడవి అంచున వదిలేసి వస్తారు. కోసిన రెక్కలతో! అదీ కాక కోళ్ళతో కలిసి పెరిగిన నెమలి కొక్కెర తెగులునూ, కోళ్ళలో పెద్దగా బయటపడకుండా ఉండి నెమళ్ళను చంపే పేగు జబ్బునూ అడవిలోకి మోసుకుపోవచ్చు. ఒక ఇంటి కష్టం అడవికి అంటుకుంటుంది.

7. ఇదే ఊళ్ళలో ఇంకో పక్క నెమళ్ళు పల్లి గింజలు ఏరుకుతింటున్నాయని, టమాట పొడుస్తున్నాయని రైతులు లబోదిబోమంటున్నారు. గుట్టలు గ్రానైట్ క్వారీలకు పోయిన చోట వాటికి చెలకలే దిక్కు. ఆ సంగతికి ఇంకో లేఖ కావాలి.

ఇప్పుడు నేను అడిగేవి.

ఒకటి. కత్తిరించవద్దు అని తెలుగులో ఒక పేజీ నోటీసు రాయండి. సంతకం, ముద్ర ఉండాలి. గ్రామ పంచాయతీల్లో, రైతు వేదికల్లో, మా లాంటి దాణా షాపుల్లో అంటించండి. "షెడ్యూల్, సెక్షన్, సబ్ సెక్షన్" అని కాకుండా, కూలికి పోయే ఆడమనిషి చదివించుకుని అర్థం చేసుకునేట్టు రాయండి. గుడ్లు కనబడితే ఏం చేయాలో అందులో మొదటి వరుసలోనే ఉండాలి: ముట్టుకోవద్దు, చుట్టూ నాలుగు కట్టెలు పాతి గుర్తు పెట్టి, అంత మేర దున్నకుండా, కలుపు తీయకుండా వదిలేసి దూరంగా పోతే తల్లి తిరిగి వచ్చే అవకాశం ఉందని. ఈ నోటీసు పత్తి కలుపులు మొదలయ్యే ముందు రావాలి. దసరాకు వస్తే లాభం లేదు.

రెండు. ఇది అన్నిటికంటే ముఖ్యమైనది, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. ఇప్పటికే ఇళ్ళలో ఉన్న పక్షులను కేసు భయం లేకుండా అప్పగించడానికి ఒక గడువు ఇవ్వండి. ఇది నేను కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు. 2003లో కేంద్రం తమ దగ్గరున్న వన్యప్రాణులను, వాటి వస్తువులను చెప్పుకోవడానికి జనానికి 180 రోజులు ఇచ్చింది. 2020లో విదేశీ పక్షులు, జంతువులు పెంచుకునేవాళ్ళు తమంతట తాము వివరాలు ఇవ్వడానికి ఆరు నెలలు ఇచ్చింది. లక్షలు పెట్టి మకావ్ చిలుకలు కొన్నవాళ్ళకు ఆ వెసులుబాటు దొరికింది. 2022 సవరణలో కూడా యాజమాన్య సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు తమ ప్రాణిని ప్రభుత్వానికి అప్పగించే దారి పెట్టారు. పత్తి చేన్లో గుడ్డు దొరికిన కూలి మనిషికి సర్టిఫికెట్ ఎక్కడిది? ఆమె వస్తే ఏ దారిన రావాలి? గడువు ఇచ్చే అధికారం కేంద్రానిదే అంటారేమో. అయితే రాష్ట్రం నుంచి కేంద్రానికి ఒక ఉత్తరం రాయండి. అది వచ్చేలోగా, గుడ్డు దొరికి సాదినవాళ్ళు తామే తెచ్చి ఇస్తే దానిని కాపాడి అప్పగించినట్టు రాసుకోండని కింది ఆఫీసులకు లిఖితంగా చెప్పండి. ఫోన్ ఎత్తగానే "పేరు చెప్పు" అనే బదులు "పక్షి ఎట్లుంది" అని అడగమనండి.

మూడు. గాయపడిన నెమలికి రక్తం ఆపడానికి, కట్టు కట్టడానికి పశువైద్యులు ఎవరి కాగితం కోసమూ ఆగనక్కరలేదని రెండు శాఖలూ కలిసి ఉత్తర్వు ఇవ్వండి. బర్రెకు జబ్బు చేస్తే 1962కు ఫోన్ చేయాలని ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. నెమలికి ఏ నంబరో నాలుగు ఊళ్ళ సర్పంచులను అడిగాను, ఒక్కరూ చెప్పలేదు.

నాలుగు. అప్పగించిన పక్షికి చోటు కావాలి. హన్మకొండ హంటర్ రోడ్డులో కాకతీయ జూ పార్కు ఉంది. అక్కడో, ఇంకెక్కడో, మిగతా పక్షులకు దూరంగా, పైన వల ఉన్న ఒక షెడ్డు వేసి, జబ్బులు చూసి, రెక్క ఈకలు మొలిచేదాకా ఉంచే ఏర్పాటు చేయండి. దాణాకు డబ్బు లేదంటే నాకు చెప్పండి. మొదటి ఏడాది మక్కలు, పల్లి చెక్క నేను పంపిస్తాను.

నెమళ్ళు సాదుతున్న అన్నలకు, అక్కలకు ఒక మాట. దాన్ని ఎంత ప్రేమగా చూసుకుంటున్నారో నాకు తెలుసు. చేత్తో కొసరి కొసరి మక్క గింజలు తినిపించే పిల్లలను చూశాను. కత్తెర మాత్రం పెట్టకండి. అప్పగించేదాకా రాత్రిళ్ళు ఎత్తున కూర్చునే వీలు ఇవ్వండి, దూలానికి ఒక కర్ర కట్టినా చాలు. కోళ్ళ మేత గిన్నె, నీళ్ళ తొట్టి వేరు చేయండి. మరీ ముఖ్యంగా వచ్చే ఏడు గుడ్లు తేకండి. నా తోటి దాణా షాపుల వాళ్ళకు కూడా చెప్తున్నాను, "ఏం కాదు" అనే మాట మానేద్దాం. ఆ మాటతో ఎన్ని పక్షులు నేల పాలయ్యాయో నాలాగే మీకూ లెక్క ఉండదు.

ఈ లేఖ రాసినందుకు నా షాపు మీదికి ఎవరైనా వస్తారేమోనని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. నా దగ్గర నెమలి లేదు, ఎప్పుడూ లేదు. వచ్చి చూసుకోవచ్చు. ఎవరి ఇంట్లో ఉందో మాత్రం అడగకండి, పైన అడిగిన రెండో దానికి జవాబు వచ్చేదాకా చెప్పను.

నిన్న ఒక అవ్వ వచ్చింది. మనుమరాలు తెచ్చిన గుడ్లలో ఒకటే పిల్ల అయిందట, ఇప్పుడు రేకుల మీదికి ఎక్కుతోందట. కొంగులోంచి కత్తెర తీసి నా బల్ల మీద పెట్టి, "ఎన్ని ఈకలు కొయ్యాలో జెర చూపియ్యి బిడ్డా" అంది. ఆదివారం రమ్మన్నాను. కత్తెర నా దగ్గరే ఉంచుకున్నాను.

ఇట్లు,
కోళ్ళ దాణా షాపు నడుపుకునే ఒకడు,
నర్సంపేట రోడ్డు, వరంగల్